గోడవైపు తిరిగి కూర్చున్న టీచరమ్మ

టీచరమ్మ పోయారన్న కబురు మా నాయిన చెప్పాడు. ఖమ్మంలో నేను పనిచేసే ఆస్పత్రి రిసెప్షన్ దగ్గర పొద్దుటి రద్దీ అప్పుడే మొదలైంది. నేను డ్యూటీలో ఉండగా నాయిన ఎప్పుడూ ఫోన్ చేయడు. ఎత్తగానే, "టీచరమ్మ పోయింది బిడ్డా. పండుకున్నది పండుకున్నట్టే పోయింది. నువ్వు రా" అని పెట్టేశాడు. ఎదురుగా ఒకావిడ డాక్టరు ఎప్పుడొస్తారని అడుగుతోంది. "వన్ మినిట్ మేడమ్, ప్లీజ్" అన్నాను. గొంతు కాస్త దించి, చివర్లో చిన్నగా ఆగి అన్నాను. అలా అనాలని నాకు నేర్పిన మనిషి ఇక లేదని అన్నాక తట్టింది. ఆవిడకు సమాధానం చెప్పి, పక్క కౌంటర్ అమ్మాయికి కుర్చీ అప్పగించి, కొత్తగూడెం బస్సెక్కాను.

అందరం టీచరమ్మ అని పిలిచామే కానీ, ఆమె ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. ఉద్యోగమంతా ఒక ఆస్పత్రిలో టెలిఫోన్ ఆపరేటర్‌గానే గడిచింది. పుట్టింది సత్తుపల్లి దగ్గర పల్లెలో. పెళ్లయి మా కొత్తగూడెం వైపు వచ్చారు. భర్త త్వరగానే పోయారు, పిల్లలు లేరు. రిటైరయ్యాక మా తండా పక్క కాలనీలో చర్చి వెనక ఒక గది కిరాయికి తీసుకుని ఉండిపోయారు. ఎవరైనా టీచరమ్మా అంటే, "టీచర్ని కాదమ్మా, ఆపరేటర్ని. ఈ పక్క మాట ఆ పక్కకి కలుపుతా, అంతే" అని దిద్దేవారు. మేం వినలేదు. ఆమె దిద్దిన తప్పుల్లో మేం మార్చుకోనిది అదొక్కటే.

రిటైరయ్యాక ఊరికే కూర్చోవచ్చు కదా అని చర్చి వాళ్లు అడిగితే, చెవులు ఊరుకోవడం లేదన్నారట. అన్నేళ్లు జనం గొంతులు విన్న చెవులు. కాలనీలో పిల్లలు ఇంటర్వ్యూలకు పోయి, వేలాడేసిన మొహాలతో తిరిగి రావడం ఆమె కిటికీలోంచి చూసేవారు. వాళ్లకు పని రాక కాదు, వచ్చిన పనిని నోటితో చెప్పడం రాక. చర్చిలో ఆదివారం పిల్లలకు కథలు చెప్పే గది మిగతా రోజులు ఖాళీగానే ఉండేది. పాస్టరు గారిని అడిగి, సాయంత్రాలు అందులో పనుల గురించి మాట్లాడుకునే ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టారు. వచ్చేవాళ్లలో చర్చి వాళ్లూ ఉండేవారు, మసీదు వీధి వాళ్లూ ఉండేవారు, మాలాంటి తండా వాళ్లమూ ఉండేవాళ్లం. ఆమె ఎవరి దేవుడి జోలికీ పోలేదు.

ఆమె పాఠం చెప్పే తీరు ఇంకెక్కడా చూడలేదు. బోర్డు మీద రాసేది తక్కువ. ముందు నాలుగు వాక్యాలు పలికించేవారు. తర్వాత తన కుర్చీని ఎత్తి, గోడవైపు తిప్పుకుని, మాకు వీపు పెట్టి కూర్చునేవారు. "ఫోన్ మోగుతోంది, ఎత్తండి" అనేవారు. అప్పుడు మనం ఆమె కొప్పును చూస్తూ మాట్లాడాలి. మొహాలు కనబడితే సైగలతో నెట్టుకొచ్చేస్తామని, చేతులు ఊపి పని కానిచ్చుకోవడం భాష కాదని ఆమె లెక్క. నాకు మాత్రం దాంట్లో ఇంకో గుణం కనిపించింది. సిగ్గుపడేవాళ్లకు ఆ వీపే పెద్ద ధైర్యం. ఎదురుగా మొహం లేకపోతే తప్పు మాట్లాడటం ఎంత సులువో మా క్లాసులో చూడాలి.

తప్పు మాట్లాడినా మధ్యలో ఆపేవారు కాదు. వాక్యం పూర్తయ్యే దాకా వినేవారు. ఎంత మెలికలు తిరిగిన వాక్యమైనా సరే, ఊపిరి బిగబట్టి వినేవారు. అవతలి మనిషి మాట్లాడుతుండగా లైన్ కోయడం కన్నా పెద్ద పాపం లేదట. అంతా అయ్యాక మాత్రం ఒక్క తప్పునూ వదిలేవారు కాదు. "తప్పు మాట్లాడినోడికి పని దొరుకుద్ది, మాట్లాడనోడికి దొరకదు" అన్నది ఆమె రోజూ అనే మాట. సత్తుపల్లి యాస ఆమె నాలుక మీద చివరిదాకా ఉంది. తెలుగులో యాస, ఇంగ్లీషులో మాత్రం రేడియో.

పెద్ద మాటలంటే ఆమెకు పడేది కాదు. మా క్లాసులో డిగ్రీ చదివే అబ్బాయి ఒకడు ఫోన్‌లో వీడియోలు చూసి, "ఐ యామ్ ఎ వెరీ హార్డ్ వర్కింగ్ పర్సన్" అని మొదలుపెట్టాడు. తాను చాలా కష్టపడే మనిషినని చెప్పడం. గోడవైపు నుంచి టీచరమ్మ, ఇంగ్లీషులోనే, ఈ రోజు ఏం చేశావు నాయనా అని అడిగారు. కుర్రాడు పాపం అబద్ధం ఆడేరకం కాదు. పొద్దెక్కినాక లేచిన మేడమ్ అన్నాడు. గదంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. "మంచిది, అదే చెప్పు. 'ఐ గెటప్ లేట్.' వాక్యం బావుంది. పని మాత్రం దొరకదు" అన్నారు.

అప్పుడే ఆమె మాకు తన సూత్రం చెప్పారు. "గొప్ప చెప్పొద్దు, పని చెప్పు." మనం రోజూ చేసేది చెప్పడానికి ఇంగ్లీషులో చిన్న చిన్న వాక్యాలు ఉన్నాయి. నేను తెరుస్తాను, ఊడుస్తాను, తూస్తాను, నడుపుతాను. ఇవి చాలట. చీరల షాపులో పనిచేసే ఒక అక్క, తాను చీరలు చూపిస్తానని ఇంగ్లీషులో చెప్పింది. చూపించాక ఏం చేస్తావని టీచరమ్మ అడిగారు. మడతపెడతానంది. ఏది ఎక్కువ అని అడిగారు. అక్క కాసేపు ఆలోచించి, మడతే ఎక్కువ టీచరమ్మా, కొనేటోళ్లు తక్కువ కదా అంది. అయితే ముందు అది చెప్పమన్నారు. ఆ తర్వాత ఆ అక్క పెద్ద షాపులో ఇంటర్వ్యూకి పోయి, రోజూ ఎన్నో చీరలు మడత చెదరకుండా పెడతానని మొదలుపెట్టిందట. ఇప్పటికీ ఆ షాపులోనే ఉంది.

మేం ఆ గదిలోకి పోయింది మా నాయిన కోసం. నాయిన ఓపెన్‌కాస్టు గనిలో కాంట్రాక్టరు కింద టిప్పర్ నడిపేవాడు. బొగ్గు మీద ఉన్న మట్టిని తీసి దూరంగా కుప్ప పోయాలి కదా, ఆ మట్టి మోసే బండి. పాత కాంట్రాక్టరు పోయి కొత్త కాంట్రాక్టరు వచ్చాడు. పాత డ్రైవర్లను మళ్లీ ఇంటర్వ్యూ చేసి తీసుకుంటామన్నారు. వచ్చిన మేనేజరు వేరే రాష్ట్రం మనిషి, తెలుగు రాదు. కొత్త బండ్లలో వైర్‌లెస్ సెట్లు పెట్టారు, వాటిలో మాట్లాడేదంతా ఇంగ్లీషు ముక్కలే. నాయినకు అప్పటికే వయసు మీద పడింది. గేటు బయట లైసెన్సులు పట్టుకుని కుర్రాళ్లు నిలబడి ఉన్నారు. ఆ పని పోతే ఆయనకు ఇంకో పని రాదు. తండాలో మాకున్న చెలక వానొస్తే పండుతుంది, లేకపోతే లేదు. నేను అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. చదువు ఆగుతుందని ఇంట్లో ఎవరూ నోరు తెరిచి అనలేదు కానీ, అందరి మొహాల్లో అదే కనబడుతుండేది.

నాయినకు ఒంటరిగా పోవడానికి సిగ్గు. తోడుగా నన్ను తీసుకుపోయాడు. మొదటిరోజు టీచరమ్మ పేరడిగితే లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోడు. ఆమె ఇంకేం అనకుండా కుర్చీ గోడవైపు తిప్పుకున్నారు. కాసేపటికి నాయిన నెమ్మదిగా బెంచీ మీద కూర్చుని, ఆ కొప్పుతో, "ఐ డ్రైవ్ టిప్పర్" అన్నాడు. మా ఇంట్లో మాది లంబాడీ మాట. బజారుకొస్తే తెలుగు. నాయిన నోట ఇంగ్లీషు వినడం నాకు అదే మొదలు. ఎందుకో కళ్లలో నీళ్లు తిరిగాయి, నవ్వొచ్చినట్టు నటించాను.

రోజులు బాగానే గడిచాయి. పేరు, ఊరు, లైసెన్సు, ఎన్నేళ్ల నుంచి నడుపుతున్నదీ అన్నీ నాయిన చెప్పగలుగుతున్నాడు. ఒకరోజు టీచరమ్మ అసలు ఇంటర్వ్యూలాగే అన్నీ వరసగా అడిగారు. గోడవైపు నుంచి ప్రశ్న వచ్చింది. "హావ్ యు హాడ్ ఎనీ యాక్సిడెంట్స్?" ఎప్పుడైనా ప్రమాదం చేశావా అని.

నాయిన మాట్లాడలేదు. అర్థం కాలేదనుకుని నేను మెల్లగా తెలుగులో చెప్పాను. కళ్లతోనే నా నోరు మూయించాడు. టీచరమ్మ ఇంకోసారి అడిగారు. నాయిన లేచి వరండాలోకి పోయాడు.

నాయిన ఎన్నడూ ప్రమాదం చేయలేదు. ఆ సంగతి తండా అంతటికీ తెలుసు. కానీ ఎవరూ పైకి అనరు, ఆయన అసలే అనడు. బండి మీద ఉన్నవాళ్లకు అది పెద్ద పట్టింపు. బండెక్కేటప్పుడు ఎక్కడికని అడగకూడదు. జల్దీ వస్తానని చెప్పి పోకూడదు. అన్నిటికన్నా, ఇంతవరకు ఏ ప్రమాదమూ చేయలేదన్న మాట నోట రానీయకూడదు. అంటే ఆ వారమే అవుతుందట. నాయినతో పనిచేసిన ఒకాయన చాయ్ కొట్టు దగ్గర ఆ మాట గొప్పగా అన్నాడట. ఆ వారమే వానలో ఆయన బండి మట్టి కట్ట దాటి కిందికి పోయింది. మనిషి బతికాడు కానీ మళ్లీ స్టీరింగ్ పట్టలేదు.

టీచరమ్మ వరండాలోకి వచ్చారు. నాయిన నేల చూస్తూ చెప్పాడు. "ఆ మాట నాతోని అనిపియ్యకు టీచరమ్మా. అన్నంక నా చెయ్యి స్టీరింగ్ మీద నిలబడది."

నేను ఊరుకోలేదు. ఇంటర్ చదువు తలకెక్కి ఉన్న రోజులు. అక్కడే నాయినతో గొడవ పెట్టుకున్నాను. ఆ ప్రశ్న అడగని ఇంటర్వ్యూ ఉండదని, అడిగినప్పుడు మౌనంగా ఉంటే ఏదో చేసి దాస్తున్నావనుకుంటారని అన్నాను. నా మాటా నిజమే, ఆయన భయమూ నిజమే. చెప్పకపోతే పని పోతుంది. చెప్తే, పని దొరికినా చేయలేడు. నిమ్మకాయలు కట్టుకుని బండి నడిపే మనుషులను చర్చి ఆవిడ ఏమంటుందోనని ఆమె వైపు చూశాను.

ఆమె వరండా మెట్టు మీద కూర్చున్నారు. "మా ఆస్పత్రి ఎక్స్ఛేంజిలో కూడా ఉండేదమ్మా అట్లాంటిది" అన్నారు. డ్యూటీలో ఉండగా, ఇవాళ కాల్స్ తక్కువగా ఉన్నాయన్న మాట ఎవరూ అనేవారు కాదట. కొత్తగా వచ్చిన పిల్ల ఎవరైనా తెలియక అంటే మిగతావాళ్లు నోరు నొక్కేవారట. అన్న కాసేపటికే ఫోన్ బోర్డు మీద దీపాలన్నీ ఒక్కసారి వెలిగేవని నవ్వారు. నమ్మేవారా మీరు అని అడిగాను. "నమ్మకం సంగతి ప్రభువుకి తెలుసు. నేను మాత్రం అనలేదు" అన్నారు. ఆ రోజుకు క్లాసు అక్కడితో ముగిసింది.

మర్నాడు ఆ ప్రశ్న ఎత్తలేదు. కుర్చీ గోడవైపు తిప్పుకుని, పొద్దున బండి దగ్గరికి పోయాక ఏం చేస్తావో తెలుగులోనే చెప్పమని నాయినను అడిగారు. మిగతావాళ్లను కూడా వినమన్నారు. నాయిన మొదట రెండు ముక్కల్లో తేల్చేశాడు. ఎక్కుత, నడుపుత, అంతే. ఎక్కకముందు అని ఆమె అడిగారు. అక్కడ మొదలైంది. ఎక్కకముందు బండి చుట్టూ తిరుగుతాడట. ప్రతి టైరునూ కాలితో తన్ని చప్పుడు వింటాడట. అద్దాలు తన రుమాలుతోనే తుడుస్తాడట, క్లీనరు తుడిస్తే నమ్మడట. స్టార్ట్ చేసి కదలకుండా బ్రేకు చూస్తాడు. వెనక్కి తీసేముందు హారన్ కొట్టి, కాసేపు ఆగుతాడు. కుప్ప అంచు దగ్గర సిగ్నల్ ఇచ్చే మనిషి చెయ్యి కనబడేదాకా కదలడు. వానపడితే ఎవరు ఎంత అరిచినా అంచుకు పోడు.

టీచరమ్మ మధ్యలో ఒక్కసారీ ఆపలేదు. కిటికీలో వెలుతురు తగ్గింది, ఎవరో లేచి లైటు వేశారు, నాయిన ఇంకా చెబుతూనే ఉన్నాడు. ఆయన అంతసేపు మాట్లాడటం నేను పుట్టాక చూడలేదు. మా నాయిన ఏం పనిచేస్తాడో నాకు తెలుసని అనుకునేదాన్ని. తెలియదని ఆ సాయంత్రం తెలిసింది. ఆ గదిలో అందరి ముందూ నాకు ఆయన మీద ప్రేమ పొంగింది. తండావాళ్లం, అలాంటివి ఇంట్లోనూ చెప్పుకోం, అక్కడేం చెబుతాను.

తర్వాత పదిహేను రోజులూ ఆ పనంతా చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలు చేయడమే పని. "ఐ వాక్ అరౌండ్ ది టిప్పర్. ఐ చెక్ ది బ్రేక్స్. ఐ బ్లో ది హార్న్. ఐ వెయిట్ ఫర్ ది సిగ్నల్." బండి చుట్టూ తిరుగుతాను, బ్రేకులు చూస్తాను, హారన్ కొడతాను, సిగ్నల్ కోసం ఆగుతాను. నాయిన స్నానం చేస్తూ అవే, అన్నం తింటూ అవే. మా అమ్మ విసిగిపోయి, మన మేకలు కూడా ఇంగ్లీషుల అరుస్తున్నయని అంది. ప్రమాదం చేయలేదన్న వాక్యం మాత్రం టీచరమ్మ నేర్పలేదు. పని చెప్పుకుంటూ పో, వినేవాడికి చెవులుంటే అందులోనే వినబడుద్దని అన్నారు. వినబడకపోతే అని నేనడిగితే, "అప్పుడు వేరే లైన్ కలుపుకోవాలమ్మా" అన్నారు. ఆమెకూ భయంగానే ఉందని గొంతులో తెలిసింది.

ఇంటర్వ్యూ పొద్దున ఆశీర్వాదం కోసం పోయాం. ఆమె ప్రార్థన చేస్తారనుకున్నాను. చేసే ఉంటారు, మా ముందు చేయలేదు. లోపలికి పోయి కొంగులో ఏవో తెచ్చి నాయిన చేతిలో పెట్టారు. చూస్తే నిమ్మకాయలు. "మా చెట్టువి. పులిహోరకి వాడతావో, టైర్ల కింద పెడతావో నీ ఇష్టం తమ్ముడూ" అన్నారు. నాయిన ఆ కాయలను రెండు చేతులతో కళ్లకద్దుకున్నాడు. ఆమె మొహం పక్కకు తిప్పుకుని నవ్వు ఆపుకున్నారు.

రేకుల షెడ్డు కింద బల్ల మీద కూర్చుని నేను ఎదురుచూశాను. లోపల ఏం జరిగిందో నాయిన తర్వాత చెప్పాడు. మేనేజరు చెడ్డవాడు కాదు. పేరు, లైసెన్సు, ఎన్నేళ్ల అనుభవం అడిగాడు. నాయిన తడబడకుండా చెప్పాడు. తర్వాత ఆ ప్రశ్న వచ్చింది. నాయిన ఊరుకున్నాడు. ఇంగ్లీషు రాలేదేమోనని మేనేజరు హిందీలో అడిగాడు. నాయినకు హిందీ బాగానే వచ్చు. అయినా ఊరుకున్నాడు. మేనేజరు మొహం మారింది. సరే, నువ్వు పోవచ్చని చెప్పి, తర్వాతి మనిషిని పిలవమన్నాడు.

నాయిన కుర్చీలోంచి లేవలేదు. "సర్, ఐ టెల్ మై వర్క్" అన్నాడు. నా పని చెబుతానని. గోడవైపు తిరిగి కూర్చున్న కొప్పును తలుచుకుని, కళ్లు దించుకుని, నేర్చుకున్నదంతా వరసగా చెప్పాడు. మేనేజరు మధ్యలో లైన్ కోయలేదు. అంతా విని, బావుంది, మరి యాక్సిడెంట్ మాటేమిటని మళ్లీ అడిగాడు. అప్పుడు నాయిన ఎవరూ నేర్పని మాట ఒకటి అన్నాడు.

"సర్, అవర్ డ్రైవర్స్ నో సే దట్ వర్డ్. ప్లీజ్ కమ్. సిట్ ఇన్ మై టిప్పర్."

మా డ్రైవర్లు ఆ మాట అనరు, మీరొచ్చి నా బండిలో కూర్చోండి అని. మేనేజరు టోపీ పెట్టుకుని లేచాడు. వాళ్లిద్దరూ నా ముందునుంచే నడిచిపోయారు. నాయిన నా వైపు చూడలేదు. దూరంగా బండి చుట్టూ తిరగడం, టైర్లు తన్నడం, రుమాలుతో అద్దం తుడవడం నాకు కనబడింది. మేనేజరు పైన కూర్చుని ఓపిగ్గా చూస్తున్నాడు. బండి ఒక ట్రిప్పు పోయి వచ్చింది. దిగాక ఆయన ఇంకేమీ అడగలేదు. నాయిన పేరు రాసుకోమని గుమాస్తాకు చెప్పి లోపలికి పోయాడు.

మేం తిన్నగా టీచరమ్మ దగ్గరికే పోయాం. నాయిన మొత్తం చెప్పాడు, చెబుతూ చెబుతూ నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియకుండా అయిపోయాడు. ఆమె చివరిదాకా విన్నారు. కొంగుతో కళ్లు తుడుచుకుని, "'నో సే' కాదు తమ్ముడూ, 'డోంట్ సే'" అన్నారు. తర్వాత అల్లం దంచి చాయ్ పెట్టారు.

నాయిన పని నిలిచింది కాబట్టి నా చదువూ నిలిచింది. డిగ్రీ అయిపోయే దాకా నేను ఆ గదికి పోతూనే ఉన్నాను. రిసెప్షన్ పని దొరికాక ఒకరోజు లైన్‌లో ఒక ముసలావిడ వంతు వచ్చింది. నేను తల ఎత్తకుండానే ఆమె ఇంగ్లీషులో, కంటి డాక్టరు ఏ గదిలో ఉంటారో చెప్పగలరా అని అడిగారు. గొంతు వినగానే ఉలిక్కిపడ్డాను. ఆమె మాత్రం నేనెవరో తెలియనట్టే నిలబడ్డారు. నేనూ ఇంగ్లీషులోనే దారి చెప్పాను. ఆమె థాంక్యూ చెప్పి, ముందుకు వంగి, "చివర్లో గొంతు పైకెత్తుతున్నావు బిడ్డా. జబ్బుతో వచ్చినోళ్లు, బెదురుతారు" అని నెమ్మదిగా పోయారు. ఆ రోజు నుంచి గొంతు దించే మాట్లాడుతున్నాను. మా ఆస్పత్రిలో అందరూ నాది మెత్తటి గొంతంటారు. ఆ మెత్తదనం నాది కాదు.

ఈ మధ్య ఆయాసం ఎక్కువై క్లాసు తగ్గించారు. మానలేదు. పోవడానికి ముందురోజు సాయంత్రం కూడా, హోటల్లో పని కోసం పోబోతున్న ఒకమ్మాయి చేత వాక్యాలు చెప్పించారట. ఆ అమ్మాయే పొద్దున తలుపు తట్టి, తీయకపోతే పాస్టరు గారిని పిలిచింది.

నేను పోయేసరికి చర్చి ముందు టెంటు వేశారు. చీరల షాపు అక్క వచ్చింది. పొద్దెక్కి లేచే అబ్బాయి కూడా వచ్చాడు. వాడిప్పుడు బ్యాంకులో ఉన్నాడు, రోజూ పొద్దున్నే లేస్తున్నాడట. పాస్టరు గారు ఆమె మంచితనం గురించి చాలా చెప్పారు. అన్నీ నిజాలే. ఆమె ఉంటే, గొప్ప తగ్గించి పని చెప్పమనేవారని నాకు లోలోపల అనిపించింది. ఆరాధన అయ్యాక సమాధుల తోటకు తీసుకుపోయారు. అందరం తలా పిడికెడు మట్టి వేశాం. పాట పాడారు. జనం ఒక్కొక్కరే కదిలిపోయారు.

నాయిన కదల్లేదు.

ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. నెల కిందటే నాయిన బండి దిగాడు. కంటి పరీక్షలో చూపు తగ్గిందని తేలితే, ఎవరూ అడగకముందే తాళాలు తానే అప్పజెప్పాడు. ఇంటికొచ్చి స్నానం చేసి, అమ్మ పెట్టిన పాయసం తిని పడుకున్నాడు. ఇన్నేళ్ల పని ముగిసింది కదా, ఇప్పుడైనా ఏమైనా అంటాడేమోనని అమ్మ ఎదురుచూసిందట. ఏమీ అనలేదు. మొన్న మాత్రం, ఈ ఆదివారం టీచరమ్మ దగ్గరికి పోవాలని, ఒక మాట చెప్పేది ఉందని అమ్మతో అన్నాడట. ఆదివారం ఇంకా రాలేదు.

నేను గేటు దగ్గర ఆగి చూశాను. నాయిన కొత్త మట్టి పక్కన గొంతుకూర్చున్నాడు. చేత్తో ఒక గడ్డ చిదిపి మెత్తగా చేశాడు. తర్వాత వైర్‌లెస్‌లో మాట్లాడినట్టు కొంచెం గట్టిగా, స్పష్టంగా అన్నాడు.

"టీచరమ్మా, బండి దిగిన. నో యాక్సిడెంట్స్. ఒక్కటి గూడ కాలే."

అంతే. లేచి పంచె దులుపుకుని వచ్చాడు. ఆయన మొహం కడుక్కున్నట్టు ఉంది. నేనేమీ అడగలేదు. అడిగితే ఏడుస్తానని నాకు తెలుసు, అది చూసి ఆయన కూడా ఏడుస్తాడు. ఇంటి స్కూటీ గేటు బయట ఉంది. తాళం ఎప్పుడూ ఆయన దగ్గరే ఉంటుంది, వెనక సీటు మీద ఆయన కూర్చోవడం మేమెవరం చూడలేదు. ఆ రోజు జేబులోంచి తాళం తీసి నా చేతిలో పెట్టాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసి, వెనక ఎక్కి నా భుజం మీద చెయ్యి వేశాడు.

పాల్వంచ రోడ్డు మీద ఎండ వాలుతోంది. రెండు పక్కలా టేకు చెట్లు ఆకు రాల్చి ఉన్నాయి, ఎదురుగా బొగ్గు లారీలు వరసగా వస్తున్నాయి. నేను నెమ్మదిగానే నడుపుతున్నాను. అయినా ప్రతి మలుపు దగ్గరా, నా వెనక నాయిన కుడికాలు కిందికి వంగి, లేని బ్రేకును నొక్కుతూనే ఉంది.